కోడలి నల్లపొడి

ఆ ఏడాది సోయా విత్తులకు ముందు నా చేతిలో ఉన్నవి ఇవి: మూడు తలుపుల ఎరువుల కొట్టు, దాని వెనక గోడౌను, గోడౌను పక్కన కాస్త ఖాళీ జాగా, నా మాట మీద సరుకెత్తుకెళ్ళే రైతులు. వీటికి తోడు, సూక్ష్మజీవుల చదువు చదివి మా ఇంటికొచ్చిన కొత్త కోడలు. ఆమెను ఏ పద్దులో రాసుకోవాలో అప్పటికి నాకు తెలియదు.

కోడలు వస్తూనే ఫ్రిజ్‌లో కింది అర ఆక్రమించింది. నిండా నల్లపొడి పొట్లాలు. బొగ్గుపొడిలో రైజోబియం అనే బ్యాక్టీరియాను కలిపి తనే తయారుచేసింది.

"పాల పక్కన పురుగులేమిటే తల్లీ?" అంది నా భార్య.

"పురుగులు కావత్తయ్యా. పాలను పెరుగు చేసేవి కూడా ఇలాంటివే కదా. ఇవి సోయా వేళ్ళకి బుడిపెలు కట్టి లోపల కూర్చుంటాయి. గాలిలో ఉన్న నత్రజనిని మొక్కకి తిండిగా మార్చి పెడతాయి. వేడి తగిలితే చచ్చిపోతాయి, అందుకే ఇక్కడ పెట్టాను."

"అయితే నా యూరియా ఎవడు కొంటాడు?" అన్నాను. ఎరువుల వ్యాపారికి ముందు తట్టేది అదే.

"సోయాకైతే ఎవరూ కొనరు మామయ్యా" అంది తడుముకోకుండా.

సరుకు మీద నమ్మకమున్నవాళ్ళే నష్టం కూడా ముందే చెబుతారు. ఆ పిల్ల నాకు అక్కడే నచ్చింది.

కానీ నేను నమ్మితే చాలదు. మా చుట్టుపక్కల సోయా వేసేవాళ్ళంతా ఒకే సంఘం. ఆ సంఘం పెద్దను అందరూ గీటురాయి అంటారు. గీసి చూడందే బంగారాన్నీ నమ్మడు. ఆయన ఊఁ అంటే ఆ కాలం విత్తనమంతటికీ కోడలి పొడే. కాదంటే ఆమె చదువు ఫ్రిజ్ దాటి బయటికి రాదు.

"మడి వేసి చూపించండి. వేరు చూశాక మాట్లాడతా" అన్నాడాయన.

విత్తుల కాలం ఇంకా దూరం ఉండగానే గోడౌను పక్కన రెండు మడులు వేశాం. ఒకటి నా యూరియాతో. రెండోదానికి కోడలు బెల్లం నీళ్ళలో పొడి కలిపి, గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి తన చేత్తో విత్తింది.

మూడు వారాలకు నా మడి నవనవలాడుతోంది. ఆమె మడికి కామెర్లొచ్చాయి. దారిన పోయేవాళ్ళు ఊరుకుంటారా? "షావుకారుగారూ, కోడలి మడిని ఆస్పత్రికి చూపించారా?" అని ఒకటే ఎగతాళి.

నాకు చెయ్యి దురద పెట్టింది. చూపించే సరుకుకు కాస్త మెరుగు పెట్టని వ్యాపారి ఉంటాడా? "గుప్పెడు యూరియా చల్లనా?" అని కోడల్ని చాటుగా అడిగాను.

"ఒక్క గింజ కూడా వద్దు మామయ్యా. బుడిపెలు పనిలోకి దిగేదాకా ఆకు ఇలాగే పాలిపోతుంది. ఓపిక పట్టండి."

పట్టాను.

చెప్పిన రోజుకు గీటురాయి ఇద్దరు రైతులను వెంటేసుకుని వచ్చాడు. అప్పటికి కోడలి మడిలో చిగుళ్ళు పచ్చబడుతున్నాయి, కింది ఆకులింకా పసుపే. దారి పక్క వరస మాత్రం నా మడితో పోటీపడి నిగనిగలాడుతోంది. ఆయన నేరుగా అక్కడికే వెళ్ళి ఒక మొక్కను తవ్వి పైకెత్తాడు. వెతికితే నలుసుల్లాంటి బుడిపెలు ఒకటో రెండో. మిగతా వేరంతా నున్నగా ఉంది.

"ఏదమ్మా నీ బ్యాక్టీరియా? సెలవు పెట్టిందా?"

రైతులు నవ్వారు. కోడలు గబుక్కున వంగి పక్క మొక్క పెకలించింది. అదీ అంతే. వరస పొడవునా ఒకసారి చూసి నిలబడింది.

"ఈ వరసకి ఎవరైనా యూరియా వేశారా?"

అందరి కళ్ళూ నా మీదే. యూరియా అమ్మేది నేను, ఆమె నెగ్గితే బేరం పోయేదీ నాకే. ఇంకేం సాక్ష్యం కావాలి?

"సొంత కోడలికేనా షావుకారూ?" అన్నాడు గీటురాయి.

నేను నోరు తెరిచేలోపే నా భార్య ముందుకొచ్చింది. "ఆయన్నేమీ అనకండి అన్నయ్యగారూ. వేసింది నేను. పిల్ల మడిని చూసి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ నవ్వుతుంటే ప్రాణం ఊరుకోలేదు. దారికి కనిపించే వరసకే వేశాను. తిడితే నన్ను తిట్టండి, దాన్ని కాదు."

కోడలు అత్త వంక చూసి పకపకా నవ్వేసింది. "ఎంత మేలు చేశారత్తయ్యా!" అంటూ పక్క వరసలో పాలిపోయిన మొక్కను మట్టితో సహా తవ్వి బకెట్ నీళ్ళలో జాడించింది. వేళ్ళ నిండా మిరియాల్లాంటి బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల ఎర్రగా ఉంది.

"ఎరుపుంటే పనిలో ఉన్నట్టు బాబాయిగారూ. అదే గింజ, అదే పొడి, అదే మట్టి. ఆ వరసకి యూరియా దొరికింది కనక మొక్క వీటిని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎదురుగా వండిపెట్టేవాళ్ళుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

"ఆ మాటేదో మా అబ్బాయికి చెప్పవే" అంది నా భార్య కళ్ళు తుడుచుకుంటూనే.

గీటురాయి అంత తేలిగ్గా లొంగలేదు. మడంతా తిరిగి తనకు నచ్చినచోటల్లా మొక్కలు పీకాడు. నా మడిలోనూ పీకాడు. బుడిపెలు చీల్చి చీల్చి గోళ్ళు ఎర్రబడ్డాక నన్ను పక్కకు జరిపి కోడలితో అన్నాడు: "పొడి వేసి, పైన యూరియా కూడా చల్లితే ఏమవుతుందని మావాళ్ళు అడుగుతారు. మీ అత్తగారు చూపించేశారు. ఈసారి సంఘం విత్తనమంతటికీ నీ పొడే. పట్టించడం మాత్రం నువ్వే వచ్చి నేర్పాలి."

ఇక లెక్క. సోయా కాలంలో యూరియా అమ్మకం దాదాపు పోయింది. చూపించడానికి పెంచిన మడిలో సగం మొక్కలు గీటురాయి చేతిలో పోయాయి. వచ్చినదానికొస్తే, ఇన్నేళ్ళూ మా కొట్టు ముందు ఆగినవాళ్ళు "షావుకారుగారున్నారా?" అనేవాళ్ళు. ఇప్పుడు నేను ఎదురుగా కూర్చునే ఉన్నా, "కోడలుగారున్నారా?" అంటున్నారు. ఆమె లేదంటే, రేపొస్తామని వెళ్ళిపోతున్నారు. ఇంత లాభం నేను ఏ సరుకు మీదా చూడలేదు.