వసపిట్ట కొత్త మాటలు

మా తమ్ముణ్ణి తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. ఇంగ్లీషు మీద నాకు పగేమీ లేదు, ఆఫీసులో పొద్దస్తమానం నేను మాట్లాడేది అదే. నా కోపమంతా వాడి బుద్ధి మీద.

వాడు రంగుల కంపెనీలో సేల్స్ మనిషి. కిందటేడు పై అధికారుల మీటింగులో ఇంగ్లీషు మాటలు దొరక్క నీళ్ళు నమిలాడు. మేనేజరు పదవి పక్కవాడికి పోయింది. పాపం అనుకున్నాను. తీరా చూస్తే అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఎనిమిదేళ్ళ కూతురి మీద పడ్డాడు. రోజూ ఒక పెద్ద ఇంగ్లీషు మాట ఫ్రిజ్ మీద అంటిస్తాడు. దానితో వాక్యం చెబితేనే మాట్లాడే హక్కు. ఆ తర్వాతా ఇంగ్లీషే. తెలుగు ముక్క దొర్లితే ఆ పూటకి నోరు మెదపకూడదు. మొదట భోజనాల దగ్గర పెట్టిన చట్టం మెల్లగా ఇల్లంతా పాకింది. మరదలైతే సైగలతో కాపురం చేస్తోంది.

ఆ పిల్లని మేం వసపిట్ట అంటాం. బడి నుంచి వస్తూ మెట్ల మీదే కబుర్లు మొదలుపెట్టేది, పై అంతస్తులో ఉన్న నాకు వినపడేది. ఈమధ్య చడీచప్పుడూ లేదు.

"కొత్త మాటలు నేర్చుకుంటోంది వదినా," అంది మరదలు, మా ఇంటికి వచ్చినప్పుడు.

గాడిద గుడ్డేం కాదూ.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాను. ఆరోజు మాట మాగ్నానిమస్. విశాల హృదయం అని అర్థం.

"మై ఫాదర్ ఈజ్ మాగ్నానిమస్," అని పిల్ల అప్పజెప్పింది. వాడు చప్పట్లు కొట్టాడు. మాట్లాడే హక్కు వచ్చింది కదా, అది నోరు తెరిచింది. కాసేపు వెతుక్కుని మళ్ళీ మూసేసింది.

"చూశావా అక్కా, ఎంత మారిందో. ఇదివరకు ఒకటే వాగుడు."

"తెలుగులో మాట్లాడావు. ఇక నోరు మూసుకో," అన్నాను.

పిల్ల అన్నం ఒకవైపే నములుతోంది. బుగ్గ మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. చెయ్యి కడిగించే వంకతో పెరట్లోకి తీసుకెళ్ళి అడిగాను.

"చెవి పోటత్తా," అని గుసగుసలాడింది. "గురువారం నుంచి."

"అమ్మకి చెప్పొద్దుటే?"

"పోటుకి ఇంగ్లీషు మాట తెలీదు. పెయిన్ అంటే నాన్న చిన్న మాట అంటాడు, ఇంకా మంచిది చెప్పమంటాడు."

నాలుగు రోజులు. పసిది నాలుగు రోజులు పోటు భరిస్తూ మాట కోసం వెతుక్కుంది. ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీది కాగితం పీకి వాడి కంచంలో పడేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను, అన్నీ తెలుగులోనే.

ఆదివారం పూట తెరిచి ఉన్న ఆస్పత్రి వెతుక్కుని తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసింది.

"కర్ణభేరికి చిల్లు పడింది. ముందే తెస్తే ఇంతదాకా వచ్చేది కాదు. ఇన్నాళ్ళూ పిల్ల నోరెత్తి చెప్పలేదా?"

మా తమ్ముడు పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా పోటుగా ఉందామ్మా? తెలుగులోనే చెప్పు, నాన్న ఏమీ అనడు."

అది వాడి మొహంలోకి భయంగా చూసింది. బడిలో చెప్పినట్టు చేతులు కట్టుకుంది.

"ఐ యామ్ ఫైన్, థ్యాంక్యూ," అంది.