బస్తీ మీద స్టే

పొద్దున్నే పంజగుట్ట ఆఫీసులో కాఫీ తాగుతూ, ఆ రోజు ఏ కేసులో ఏం చెయ్యాలో జూనియర్ రవికాంత్‌కి చెప్పడం లాయర్ హనుమత్ప్రసాద్‌కి అలవాటు. బల్కంపేట బస్తీ కేసు వస్తే మాత్రం తల కూడా ఎత్తేవాడు కాదు. "వాయిదా అడుగు," అనేసేవాడు.

నిజానికి ఆ కేసే ఆయన్ని పదిమందిలో నిలబెట్టింది. అమీర్‌పేట నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేస్తున్న రోజుల్లో ఓ బిల్డరు ఆ ఇళ్లు కూల్చబోతే, ఉన్నది ఉన్నట్టే ఉంచాలని హైకోర్టు నుంచి స్టే తెచ్చాడు. హైకోర్టు ఆర్డరంటే మాటలా! మర్నాటి నుంచి బస్తీలో అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండిపోయాయి. జామకాయలు పండలేదు. జ్వరాలు తగ్గలేదు, ముదరలేదు. వజ్రమ్మ కోడలు మధులత నిండు చూలాలిగానే ఏళ్లు గడిపింది. స్టే ఉంది కదా మరి, అనుకున్నారంతా.

బస్తీని కాపాడిన వకీలని జనం ఆయన్ని అసెంబ్లీకి పంపారు, ఆ తర్వాత పార్లమెంటుకి. వాదించి ఓడితే ఓట్లు పోతాయి, గెలిస్తే తనతో పని తీరిపోతుంది. అందుకే అసలు వాదించలేదు. ఢిల్లీ నీళ్లు వంటబట్టాక సిగ్గేం మిగులుతుంది?

మళ్లీ ఎలక్షన్లొచ్చే ముందు వజ్రమ్మ ఆఫీసుకొచ్చింది.

"సారూ, కోడలికి కూసుంటే లేవస్తలేదు. గెలిచినా ఓడినా సరే, జర కేసు తెంపుండ్రి."

"తొందరెందుకమ్మా? ఇల్లు భద్రంగానే ఉంది కదా."

"ఇల్లున్నది సారూ. పిల్ల రావాలె గద."

ఎలక్షన్లయ్యాక చూద్దామన్నాడు. ఆవిడ మొహం చూడలేక ఫోనందుకున్నాడు.

కేంద్రమంత్రయిన కొన్నాళ్లకే రవికాంత్ ఫోన్ చేశాడు. మధులత కడుపు పట్టుకుని బస్తీ హద్దు దాటిందట. అమీర్‌పేట చౌరస్తాకి చేరేసరికి నొప్పులొచ్చి ఆడపిల్లని కన్నది. ఆమెని చూసి రోగిష్టివాళ్లు, ముసలివాళ్లు, అందరూ ఒక్కొక్కరే బయటికొచ్చేశారు.

"ఇళ్లలో ఎవరూ లేరని బిల్డరు స్టే ఎత్తేయించుకున్నాడు సార్. నిన్న కూల్చేశారు."

మంత్రిగారు పరుగున వచ్చారు. వజ్రమ్మ అమీర్‌పేటలో ఓ హాస్టల్ మెట్ల కింద మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫోటోగ్రాఫరు సైగ చెయ్యగానే హనుమత్ప్రసాద్ చేతులు చాచాడు. ఆవిడ పిల్లని ఇవ్వలేదు. కోప్పడనూ లేదు.

"ఈడ మాకు ఓట్లు సుత లేవు సారూ. ఎందుకొచ్చిండ్రు?"

జవాబు కోసం ఆగకుండా, పసిదాని పెరిగిన గోళ్లని పంటితో ఒక్కొక్కటే కొరకసాగింది. హనుమత్ప్రసాద్‌కి ఏడుపొచ్చింది. చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.