ఇరవై నాలుగు చక్కటి గూళ్లు

ఆస్గర్ ముప్పై ఒక్క ఏళ్లు పందుల్ని సాకాడు. ఆ పెంపకశాల అమ్ముడుపోయాక, యాభై ఎనిమిదేళ్ల వయసులో చిట్టెలుకల్ని సాకడం నేర్చుకుని, ఆర్హుస్ నగరంలో ఒక పరిశోధనశాలలో చేరాడు. రెండు వందల కిలోల ఆడపందిని భుజంతో నెట్టి పక్కకు జరిపిన మనిషి, అరచేతిలో పాతిక గ్రాముల ప్రాణి వచ్చి కూర్చునేసరికి మొదటి వారమంతా ఊపిరి బిగబట్టే పనిచేశాడు.

“ఎలుకని ఎత్తమంటే పియానో మోస్తున్నట్టు వంగుతావేంటి? నడుం పట్టేస్తుంది నీకు!” అనేది సోల్వై. ఆ గదుల్లో పదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడకి ఆస్గర్ రావడంతో కాలక్షేపం దొరికింది. మా దేశంలో ‘మీరు’ అనే మాటని రాజుగారి కోసం దాచుకుంటాం గనుక, అందరూ అందరినీ నువ్వే అనేవారు.

ఆస్గర్ చూసుకునే గదిలో ఇరవై నాలుగు బోనులు ఉన్నాయి. బోనుకి ఒక ఎలుక. మనుషుల్ని పట్టే అల్జీమర్స్ లాంటి జబ్బు వాటికీ వచ్చేలా పెంచిన జాతి అది. సగం ఎలుకలకి పరిశోధకురాలు విబేకె నాలుగేళ్లుగా కుస్తీ పడుతున్న మందు, సగానికి ఉత్త తీపి నీళ్లు. ఏ బోనుకి ఏది అందుతోందో విబేకెకి కూడా తెలియదు. సీసాల మీద అంకెలే ఉంటాయి. అసలు జాబితా పక్క భవనంలో, లెక్కలు చూసే మనిషి బీరువాలో ఉంది.

ఆ వారం మంగళ, బుధ, గురువారాలు సాయంత్రం నాలుగింటికి విబేకె ఒక్కో బోనులో చిన్న చదరపు దూది పలక వేసి ఇంటికెళ్లింది. తెల్లారి ఎనిమిదింటికి వచ్చి ఫోటోలు తీసుకుని, అంకెలు రాసుకునేది. ఎందుకని ఆస్గర్ అడగలేదు. చలికి వేస్తోంది కాబోలు అనుకున్నాడు.

ఆస్గర్ వచ్చేది ఆరింటికి. వచ్చి చూస్తే కొన్ని ఎలుకలు దూదిని పీకి గూడు అల్లుకుని లోపల ముడుచుకుని ఉండేవి. మిగతావాటికి పాపం, పలక పలకలాగే పక్కన పడుంటే, మూలన ఉత్త రంపపు పొట్టు మీద కూర్చుని ఉండేవి. పశువు ఒట్టి నేల మీద పడుకుందంటే అది సాకేవాడికి తలవంపు. పందుల దగ్గర ఆస్గర్ నేర్చుకున్న మొదటి పాఠం అదే. అందుకని ఒక్కో మూత తీసి, దూదిని వేళ్లతో పీకి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, చుట్టూ అంచు లేపి, “లే తల్లీ, పక్క వేశాను,” అని ఎలుకని అందులో దింపేవాడు. ఏడున్నరకల్లా గదంతా ముచ్చటగా ఉండేది.

శుక్రవారం పొద్దున అందరూ కలిసి రొట్టెలు తినే ఆనవాయితీ. ఆచార్యుడు గోర్మ్ రొట్టెకి వెన్న రాస్తూ, “నీ ఎలుకలు ఎలా ఉన్నాయి?” అని విబేకెని అడిగాడు.

“అద్భుతంగా ఉన్నాయి. అదే నా ఖర్మ.”

ఆమె గోడ మీద ఫోటోలు వేసింది. ఇరవై నాలుగు గూళ్లు, ఒకదాన్ని మించి ఒకటి.

“ఇవి ఎలుకలేనా? కుర్చీలూ దీపాలూ అందంగా చేయడం నేర్పే కాలేజీలో చదువుకున్నాయా?” అంది సోల్వై. “ఆ అంచు చూడు. దుకాణంలో పెడితే కొనుక్కుపోతారు!”

ఆస్గర్ చెవులు గర్వంతో వెచ్చబడ్డాయి.

గోర్మ్ మాత్రం నవ్వలేదు. “జబ్బు ముదిరితే ఎలుక గూడు అల్లడం మర్చిపోతుంది. దూది ముక్కు ముందున్నా ఏం చేయాలో తోచదు. అది చూద్దామనే కదా ఈ పరీక్ష పెట్టాం? మందు తాగని పన్నెండు కూడా ఇంత బాగా అల్లాయంటే జబ్బే పైకి కనపడ్డం లేదు. ఇక మందు పనిచేసిందని ఏ మొహంతో చెప్తాం?”

“జాబితా తెరవక్కర్లేదంటావా?” అంది విబేకె.

“తెరిచి ఏం చూస్తాం? సోమవారం నిధులిచ్చేవాళ్లకి రాసేస్తాను. దీన్ని ఇక్కడితో ఆపేద్దాం.”

విబేకె తలూపింది. ఏడవలేదు. పళ్లెంలోని చీజ్ ముక్కని నాలుగుగా, ఎనిమిదిగా, పదహారుగా కోస్తూ కూర్చుంది.

ఆస్గర్ తన రొట్టె పళ్లెంలో పెట్టేశాడు. ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అతను ఆ పదహారు ముక్కల్ని చూశాడు. ఆమె నాలుగేళ్ల కష్టం.

“ఆ గూళ్లు ఎలుకలవి కావు,” అన్నాడు.

“మరెవరివి?”

“నావి.”

ఆస్గర్ మొత్తం చెప్పేశాడు. “వాటంతట అవి అల్లుకున్నవి ముట్టుకోలేదు. మిగతావే. రోజుకి పద్నాలుగో, పదిహేనో.”

ముందుగా సోల్వై పగలబడి నవ్వింది. గోర్మ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “గూడు అల్లే పరీక్షకి మనిషి కూర్చోవడం నేనెప్పుడూ వినలేదు. ఐదు మార్కులకి ఐదూ వచ్చాయి ఆస్గర్. నీకు మతి దివ్యంగా ఉంది, బెంగపెట్టుకోకు.”

విబేకె నవ్వలేదు. “ఎందుకు ముట్టుకున్నావు?”

“చలికి ముడుచుకుని కూర్చున్నాయి.”

“ఆ గదిలో ఇరవై రెండు డిగ్రీలు! మా ఇంట్లోనే అంత వెచ్చగా ఉండదు!”

“నువ్వు ముట్టుకోవద్దని చెప్పలేదుగా.”

“పొద్దున్నే ఎవరో వచ్చి ఎలుకలకి పక్కలు వేస్తారని నేను కలగన్నానా?” అని, ఆగి, నుదురు పట్టుకుంది. “చెప్పాల్సింది. నాదే బుద్ధి తక్కువ.”

“జరిమానాగా చెరో కేకు తెండి,” అన్నాడు గోర్మ్. “ముట్టుకున్నందుకు ఒకటి, ముట్టుకోవద్దని చెప్పనందుకు ఇంకొకటి. మందు తాగించడం ఇంకా రెండు వారాలు సాగుతుంది. వచ్చేవారం పరీక్ష మళ్లీ పెట్టండి.”

“నన్ను పంపించేస్తారా?” అని అడిగాడు ఆస్గర్.

“నోరు విప్పినవాణ్ణి పంపించేసి ఎవర్ని పెట్టుకోమంటావు? ముందు ఆ చేతులు జేబులో పెట్టుకోవడం నేర్చుకో.”

అది చెప్పినంత తేలిక కాలేదు. బుధవారం పొద్దున ఆరింటికి లోపలికెళ్లిన ఆస్గర్, మూలన కూర్చున్న ఎలుకల్ని చూసి రెండుసార్లు మూత దాకా చెయ్యి తీసుకెళ్లి వెనక్కి లాక్కున్నాడు. “నావైపు అలా చూడకండి. పైవాళ్ల ఆజ్ఞ,” అని వాటికి సంజాయిషీ చెప్పుకున్నాడు. నీళ్ల సీసాలు మార్చి, నేల తుడిచి, తుడిచిన నేలే మళ్లీ తుడిచాడు. ఎనిమిదింటికి విబేకె వచ్చి ఆఖరి బోను ఫోటో తీసేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అయిందా?”

“అయింది.”

“అయితే ఇక లోపలికి వెళ్లనా?”

“వెళ్లు, వాటికి పక్కలు వేసుకో.”

మూడు రోజులూ ఇదే తంతు. శుక్రవారం రొట్టెల దగ్గర నలుగురూ ఉండగా జాబితా తెరిచారు. మందు తాగిన పన్నెండింటిలో ఏడు గూడు అల్లాయి. తాగనివాటిలో రెండే. విబేకె ఆ అంకెల్ని వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టుకుంది.

“చిన్న పరీక్ష ఇది, మనుషుల దాకా వెళ్లడానికి బోలెడు దూరముంది,” అన్నాడు గోర్మ్. “కానీ ఆపడం మాత్రం లేదు.”

విబేకె ఆ ఏడింటిలో ఒకదాని ఫోటో ఆస్గర్ చేతికిచ్చింది. సగం దూది పీకి, సగం అలాగే వదిలేసి, ఒకవైపు అంచు లేపి, రెండోవైపు ఊసే మరిచిన గూడు. మధ్యలో ఎలుక హాయిగా నిద్రపోతోంది.

“ఇంత వంకర గూడు నా జన్మలో చూడలేదు,” అన్నాడు ఆస్గర్. మొహం మాత్రం వెలిగిపోతోంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఉండబట్టలేక, “ఆ ఎడమపక్క కాస్త సర్దితే...” అన్నాడు.

“ఆస్గర్!” అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.