తోడు ఎవరని రాసిన గడి

అత్తగారిని ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనుక దిండు ఆనించి, మడమలు పరుపుకు ఒరుసుకోకుండా కాళ్ళ కింద మడిచిన తువాలు పెట్టడానికి నాకు ఆరు నిమిషాలు పడుతుంది. రెండు గంటలకొకసారి తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఆరోగ్య కేంద్రం రెండు వీధుల అవతలే కనుక, డ్యూటీ మధ్యలో మూడుసార్లు వచ్చి తిప్పి వెళతాను. మూడేళ్ళుగా ఇదే వరస. ఒక మనిషిని పెట్టుకుందామని అడిగినప్పుడు, పదవీ విరమణ చేసి పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నా భర్త, "ఇంట్లో నర్సును పెట్టుకుని బయట ఆయాను వెతకమంటావా?" అన్నారు. అది చమత్కారమని ఆయన నమ్మకం. వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించారు కూడా.

మా పేట ఏటి గట్టుకు దిగువన ఉంది. గట్టు తెగితే ఏం చేయాలో ముందుగానే సిద్ధం చేసుకొమ్మని ఈ ఏడు ఉత్తర్వు వచ్చింది. ఆ ప్రణాళిక రాయవలసింది డాక్టరు గారు, రాసింది నేను. లేచి నడవలేని వారున్న ఇళ్ళు నలభై మూడు. గడప గడపా తొక్కి, ఎవరికి ఏ మందు కావాలో, ఎన్ని మెట్లు దించాలో, స్ట్రెచర్ ఏ మలుపులో ఇరుక్కుంటుందో రాశాను. చివరి గడిలో 'తోడుగా ఉండేవారు' అని ఉంది. కోడలు, కూతురు, భార్య అని నింపుకుంటూ పోయాను. మా ఇంటి వరుసలో నన్నే రాసుకున్నాను.

మొన్న రిహార్సల్ జరిగింది. ఉదయం పదింటికి సైరన్ మోగింది. అరగంటలో సిబ్బంది అందరం కేంద్రానికి చేరుకున్నాం. డాక్టరు గారు గడియారం చూసుకుని మెచ్చుకున్నారు. మాలో ఒక్కొక్కరం ఒక్కొక్క అగ్నిమాపక జట్టుతో బయలుదేరి, జాబితా ప్రకారం తలుపులు తట్టాలి.

నేను వెళ్ళిన జట్టులో చిట్టి కూడా ఉంది. కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్త. నన్ను పెద్దక్కా అంటుంది. మూడో ఇంటికి తాళం వేసి ఉంది. లోపలినుంచి ఒక ముసలాయన దగ్గు వినిపిస్తోంది.

"తోడుగా కోడలు ఉంటుందని రాశారే. ఆవిడెక్కడికి పోయిందండీ?" అన్నాడు జట్టు నాయకుడు.

చిట్టి బొడ్లోంచి తాళంచెవి తీసింది. "ఎక్కడికీ పోలేదన్నా. నీ పక్కనే ఉన్నా. ఆ కోడల్ని నేనే."

జట్టు నవ్వింది. చిట్టి కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఆ గడి నింపింది నా చేయి. అదే మనిషిని మొదటి పేజీలో డ్యూటీకి, ఆరో పేజీలో మంచం పక్కకు పంపాను. నిజంగా వరద వచ్చి ఉంటే తాళంచెవి ఒకచోట, దగ్గు ఒకచోట ఉండేవి. సాయంత్రం సిబ్బంది డ్యూటీ జాబితానూ ఇళ్ళ జాబితానూ పక్కపక్కన పెట్టి చూస్తే అలాంటి ఇళ్ళు పదకొండు తేలాయి. మా ఇంటికి వెళ్ళిన జట్టు నివేదికలో ఒకే వాక్యం ఉంది: "ఇంటాయన తలుపు తీసి, ఆవిడ లేదు, సాయంత్రం రండి అన్నారు."

వరద సాయంత్రం రావాలన్నమాట.

డాక్టరు గారికి చూపిస్తే, "చిన్న సర్దుబాటే కదా సిస్టర్, మీ ఆడవాళ్ళు మీలో మీరు చూసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి భర్తను అడిగాను. "గట్టు తెగిన రోజు అత్తయ్య దగ్గర ఎవరుంటారు?"

"నువ్వు సెలవు పెట్టెయ్."

"ఆ రోజు మాకెవరికీ సెలవుండదు."

"నాకా పనులు చేతకావని తెలుసుగా. అయినా అమ్మే ఒప్పుకోదు."

అది అబద్ధం కాదు. మగపిల్లాడు ఒళ్ళు ముట్టుకుంటే సిగ్గని ఆవిడే ఎన్నోసార్లు అన్నారు. మంచం మీదినుంచి గొంతు వినిపించింది.

"వాడికి నిజంగానే చేతకాదే. పరుపు ఎండలో వెయ్యరా అంటే పక్కింటివాళ్ళని పిలుచుకొచ్చేవాడు." కాసేపు ఆయాసపడి ఆగారు. "నీళ్ళు మంచమెక్కాక సిగ్గుకి చోటెక్కడిది? నేర్చుకోరా. నేను పరుపు కన్నా తేలికే."

ఆయన పేపరు మడిచారు.

మర్నాడు ప్రణాళిక తిరగరాశాను. ఆ పదకొండు ఇళ్ళలో తోడుగా ఉండేవారి గడిలో ముందు రాసినవి కొట్టేసి కొడుకు, భర్త, మరిది అని వారి పేర్లు, ఫోన్ నంబర్లతో సహా రాశాను. మొదటి వరుస మా ఇంటిది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వారందరూ కేంద్రానికి రావాలనీ, మనిషిని తిప్పడం, ఎత్తడం, మందులు వేయడం నేనే నేర్పుతాననీ కింద చేర్చి, సంతకానికి పట్టుకెళ్ళాను.

డాక్టరు గారు గడి వెంట వేలు పోనిచ్చి చదివారు. "వీళ్ళంతా పనుల్లో ఉండే మనుషులు, సిస్టర్."

"మేమూ పనిలోనే ఉంటాం సార్."

"అది కాదు. పేర్లు రాసేముందు వీళ్ళని ఒక్కమాట అడిగారా?"

"లేదు సార్. మొదట ఆడవాళ్ళని రాసినప్పుడూ ఎవరినీ అడగలేదు. మీరు సంతకం పెట్టారు."