పై వాటా గిన్నె

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో మేం మొదట కాపురం పెట్టిన వీధిలో ప్రతి ఇంటికీ రెండు వీధి తలుపులుండేవి, పక్కపక్కనే. ఒకటి కింది వాటాది. రెండోది తీస్తే ఎదురుగా మెట్లే, అది పై వాటాది. బయటినుంచి చూస్తే ఒక ఇల్లు, లోపల రెండు కాపురాలు. కొండవాలు మీదుగా టైన్ నది వైపు దిగే వీధులన్నీ ఇదే వరస. నది ఒడ్డున ఓడలు కట్టేవాళ్ళ కోసం, ఫిరంగులు పోతపోసేవాళ్ళ కోసం వెనకటి రోజుల్లో కట్టారట. ఎంత తక్కువ చోటులో ఎంతమందిని కుక్కొచ్చో ఆలోచించి మరీ కట్టినట్టున్నారు. కాకినాడలో మా పశువుల పాక ఇంతకంటే విశాలంగా ఉంటుందని నేనంటే, మా ఆయన పద్మనాభం గారు "వీధి చివర ట్రాలీబస్సు ఎక్కితే ఆస్పత్రి గుమ్మంలో దింపుతాడు. డాక్టరుకి ఇంకేం కావాలి?" అనేవారు. డాక్టరుకేమీ అక్కర్లేదు. డాక్టరు పెళ్ళానికే కావాలి, మాట్లాడ్డానికో మనిషి.

ఓడ ప్రయాణంలో ట్రంకుపెట్టెలో రాతి రోలు పెట్టి తెచ్చిన ఘనత నాది. వచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం నేల మీద చతికిలబడి కందిపచ్చడి నూరుతున్నాను. కాసేపటికి కిందనుంచి టక్‌టక్‌మని చప్పుడు. నేను దంచితే అదీ మోగుతోంది, నేనాపితే ఆగుతోంది. సాయంత్రం ఈయన వచ్చాక చెబితే నవ్వారు. "అది కింది వాటా ఆవిడ చీపురుకర్రతో సీలింగు పొడవడం. నీ రోటికి ఆవిడ దీపాలు ఊగుతుంటాయి" అన్నారు.

సిగ్గుతో చచ్చాను. మర్నాడు ఎండుకొబ్బరి పొడితో లౌజు చేసి, నా పెళ్ళికి మా మేనత్త చదివించిన స్టీలు గిన్నెలో పెట్టుకుని కింది తలుపు తట్టాను. గిన్నె మీద చుక్కలు చుక్కలుగా నా పేరు, చి.సౌ. ఇందుమతి అని చెక్కించి ఉంటుంది. తలుపు తీసినావిడ పొట్టిగా, గట్టిగా ఉంది. తలకి గుడ్డ చుట్టుకుంది. పేరు మిసెస్ హెస్లాప్. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నా ఇంగ్లీషు ఆవిడకీ, ఆవిడ ఇంగ్లీషు నాకూ సగమే అర్థమయ్యాయి కానీ, ప్రతి మాట చివరా "పెట్" అనడం మాత్రం విన్నాను. మనవాళ్ళు అమ్మడూ అనే మాటలాంటిదని తర్వాత తెలిసింది.

రెండ్రోజులకి గిన్నె తళతళా తోమి తెచ్చిచ్చింది, ఖాళీగా. నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు.

"ఏమైంది పెట్, గీతలు పడ్డాయా?" అంది కంగారుగా.

నేను నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. "మా వైపు ఇచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కివ్వరు. పిసరంత పంచదారైనా వేసిస్తారు" అన్నాను. అంటే ఏదో తిరిగి పెట్టమని కాదు, మనుషుల మధ్య రాకపోకలు తెగిపోకూడదని అంతే. అంత సంగతి నా ఇంగ్లీషులో ఎక్కడ చెప్పను? ఆవిడ ఎర్రబడి, నా చేతిలోంచి గిన్నె లాక్కుని దిగిపోయింది. ఎవరికీ ఋణపడని మనిషి, ఆ ఊరి పౌరుషం అలాంటిది. మర్నాడు అదే గిన్నెలో జాము పోసిన ఉడుకుడుకు పుడ్డింగు పట్టుకొచ్చింది.

ఇందులో ఏం వేశారని మాటవరసకి అడిగాను. పిండి, జాము, సూయెట్ అని గర్వంగా చెప్పింది. సూయెట్ అంటే ఏమిటని ఈయన్ని అడిగాను. "ఎద్దు కొవ్వు" అన్నారు, పేపరు దించకుండా.

పారబోద్దామంటే పెరటి సందంతా ఆవిడ కిటికీకి ఎదురే. కొంగుచాటున పెట్టుకుని వీధి చివరికి వెళ్ళాను. అక్కడ ట్రాలీబస్సుల టెర్మినస్. పసుప్పచ్చ బస్సు నెత్తి మీది రెండు కొమ్ముల్ని పొడుగాటి వెదురుకర్రతో తీగలకి తగిలిస్తూ ఒక కండక్టరు కనిపించాడు. పేరు ఎర్నీ. పుడ్డింగు తింటావా అంటే, కర్ర వదిలేయకుండానే రెండో చెయ్యి చాపాడు.

అలా మొదలైంది. నేను పులిహోర పంపేదాన్ని, గిన్నెలో పుడ్డింగు వచ్చేది. గారెలు పంపితే మళ్ళీ పుడ్డింగు. మిరపకాయ బజ్జీలు పంపితే, ఒకసారి మాత్రం మాంసం ముక్కలు కూరి కాల్చిన 'పై' అనే రొట్టె వచ్చింది. అన్నీ ఎర్నీకే. ఖాళీ గిన్నె చూసి మిసెస్ హెస్లాప్ "బావుందా పెట్?" అంటే, "అద్భుతం" అనేదాన్ని. నా వంట ఎలా ఉందంటే ఆవిడా "లవ్‌లీ" అనేది. నా పులిహోర లవ్‌లీగా కాక ఇంకెలా ఉంటుందని నేను పొంగిపోయేదాన్ని.

కానీ గిన్నెతో పాటు మనిషీ దిగాలి కదా. గిన్నె పట్టుకుని దిగితే ఆవిడ టీకి కెటిల్ పెట్టేది. బొగ్గుల పొయ్యి రాజెయ్యడం, మంచులో జారకుండా నడవడం, కూరల కొట్టు ముందు క్యూలో నన్ను తోసేసినామెకి ఎలా బుద్ధి చెప్పాలో, అన్నీ ఆ వంటింట్లో నేర్చుకున్నాను. ఈయనకి ఆస్పత్రిలో డ్యూటీ వంతు పడితే వారాంతమంతా ఇంటికి రారు. అప్పుడు నేను తలుపు కూడా తట్టేదాన్ని కాదు. ఆ వీధిలో తాళంచెవి దారానికి కట్టి, తలుపుకున్న ఉత్తరాల కంత లోపల వేలాడదీస్తారు. చెయ్యి దూర్చి దారం లాగితే చెవి వస్తుంది. తీసుకుని లోపలికి వెళ్ళి కూర్చునేదాన్ని. రెండోసారి కూడా కడుపు నిలవనప్పుడు, అమ్మకి ఉత్తరం రాయడానికి చేతులాడక నేను ఏడ్చింది ఆ వంటింటి బల్ల దగ్గరే. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆ దేశంలో నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరని ఆ రోజే తెలిసింది.

అరవయ్యారులో ట్రాలీబస్సులు తీసేశారు. తీగలు విప్పేస్తుంటే వీధివీధంతా గుమ్మాల్లో నిలబడి చూశాం. వాటి బదులు పొగ చిమ్మే డీజిలు బస్సులొచ్చాయి. ఆ తర్వాత ఊరి కౌన్సిల్ వాళ్ళొచ్చారు. ఈ ఇళ్ళలో స్నానాలగదుల్లేవు, మరుగుదొడ్లు పెరట్లో ఉన్నాయి, మనుషులు మరీ ఇరుకుగా ఉన్నారు, అన్నీ పడగొట్టి కొండమీద ఆకాశమంత ఎత్తున ఫ్లాట్లు కడతాం అన్నారు. వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. స్నానానికి రేకు తొట్టె మోసి మోసి నా నడుం విరిగిన మాటా నిజమే. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతూ వచ్చింది. ఖాళీ అయిన ఇంటి కిటికీలకి రేకులు కొట్టేవారు. మాకు ఊరికి అటు చివర ఆస్పత్రి వాళ్ళ ఇల్లు దొరికింది, తోట, వేడినీళ్ళు, అన్నీ. మిసెస్ హెస్లాప్‌కి కొండమీది టవర్‌లో పై అంతస్తు ఇచ్చారు. సామాను బండి వచ్చిన రోజు ఆవిడ చివరి పుడ్డింగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "వస్తూ ఉండు పెట్" అంది. తప్పకుండా అన్నాను. బండి వెళ్ళాక చూసుకుంటే, నా గిన్నె నా చేతిలోనే ఉంది. ఆవిడ నాకివ్వాల్సింది లేదు, నేను ఆవిడకివ్వాల్సిందీ లేదు.

శీతాకాలమంతా ఆ గిన్నె కొత్తింటి అలమరలో కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా బెంగ.

"అంత బెంగగా ఉంటే వెళ్ళి చూసి రావచ్చుగా, ఇందూ?" అన్నారు ఈయన.

"ఏమని వెళ్ళనండీ? ఊరికే వచ్చానంటే మనవైపు చెల్లుతుంది. వీళ్ళు పిలవందే ఎవరింటికీ వెళ్ళరు. ఆవిడ పిలిచిందా?"

"ఇన్నాళ్ళూ పిలిస్తేనే వెళ్ళావా?"

"గిన్నె ఉండేది కదా!"

"గిన్నె ఇప్పుడూ ఉందిగా" అన్నారాయన, అలమర వైపు గడ్డం చూపించి. మగవాళ్ళు ఎప్పుడో ఒకసారి పనికొచ్చే మాట అంటారు.

లౌజు చేశాను, మొదటిసారి చేసినట్టే. రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో కండక్టరు లేడు, టిక్కెట్లు కూడా డ్రైవరే ఇస్తున్నాడు. ఆ డ్రైవరు ఎర్నీ.

గిన్నెని చూసి మొహం చేటంత చేసుకున్నాడు. "నోరా హెస్లాప్‌కేనా? అక్కర్లేదు, ఇటివ్వండి. ఎలాగూ నా దగ్గరికే వస్తుంది."

"అంటే?"

"అంటే మీ ఎర్రరంగు తిళ్ళు, పసుపు రంగు అన్నం, అన్నీ నాకే ఇచ్చేది కదా. పాపం, ఒక్క మిరపకాయ నోట పడితే మంచినీళ్ళ కుళాయి కింద తల పెట్టేది. నేనేమో యుద్ధంలో బర్మాలో ఉన్నవాణ్ణి, కారం నాకు ప్రాణం. మీరిచ్చే పుడ్డింగు పొద్దున, ఆవిడిచ్చే పులుపన్నం సాయంత్రం. ఆ రోజులే వేరు!"

బస్సు కదిలింది. నేను సీట్లో కూలబడ్డాను. నా పులిహోర! పొయ్యి దగ్గర నిలబడి, పక్క వీధి వరకూ పోపు ఘాటు వెళ్ళేలా చేసి పంపిన పులిహోర! లవ్‌లీ అని ఎంత అబద్ధం! తర్వాతి స్టాపులో దిగిపోదామని లేచాను కూడా. లేచి నిలబడ్డాక, ఎద్దు కొవ్వు గుర్తొచ్చింది. అద్భుతం అని నేనెన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది. కూర్చున్నాను. కోపం పోయి, దాని చోట భయం వచ్చింది. ఆవిడకి నా తిండి అక్కర్లేదు, నాకు ఆవిడ తిండి అక్కర్లేదు. మరి ఇన్నాళ్ళూ మధ్యన ఉన్నది మొహమాటమేనా? అదైతే ఆవిడ ఇప్పుడు హాయిగా ఉండి ఉంటుంది, నా పీడ వదిలి.

బస్సు మా పాత వీధి చివరినుంచే కొండెక్కింది. వీధి లేదు. ఇటికముక్కలు, బురద, ఒక దీపస్తంభం.

టవర్‌లో లిఫ్టు దిగితే పొడుగాటి సిమెంటు నడవా, అన్నీ ఒకే రంగు తలుపులు, అన్నీ మూసి ఉన్నాయి. ఉత్తరాల కంతలున్నాయి కానీ, దారాలు కట్టే రకం ఇళ్ళలా లేవు. మనిషి అలికిడి లేదు. నెంబరు వెతుక్కుని బెల్లు కొట్టాను. లోపల గొలుసు చప్పుడైంది.

మిసెస్ హెస్లాప్ చిక్కిపోయింది. నన్ను చూసి, గిన్నెని చూసి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. లోపలికి తీసుకెళ్ళి కెటిల్ పెట్టింది. కిటికీలోంచి ఊరంతా, నది మీది వంతెనలన్నీ కనిపిస్తున్నాయి. ఇక్కడ ఎవరితో మాట్లాడతారని అడిగాను. "లిఫ్టులో 'గుడ్ మార్నింగ్' అంటారు పెట్, మంచివాళ్ళే. కింద నేల ఉంటే కదా, గుమ్మంలో నిలబడ్డానికి" అంది. వేడినీళ్ళు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయంది.

నాకు ఊరుకోవడం చేతకాదని ముందే చెప్పాను. "దార్లో ఎర్నీ కనిపించాడు" అన్నాను.

ఆవిడ కప్పు దించింది. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు. నాకు మొదటి ఏడాదే చెప్పాడు, నువ్వు నా పుడ్డింగు తినవని."

"తెలిసీ పంపారా? ఇన్నేళ్ళూ?"

"పంపకపోతే నువ్వు గిన్నె తీసుకుని దిగేదానివి కాదు కదా" అంది మిసెస్ హెస్లాప్.

నా జన్మలో మాట రాకపోవడం అదొక్కసారే. మనిషి తోడు నాకు కావలసినంతా ఆవిడకీ కావలసి వచ్చిందని, సరిగ్గా నాలాగే కావలసి వచ్చిందని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే నా తల మీద చెయ్యి పెట్టింది. తర్వాత ఇద్దరం కలిసి లౌజు తిన్నాం. అందులో కారం ఉండదు కాబట్టి మొదటిరోజు నుంచీ అదొక్కటే తనే తినేదట.

లేవబోతుంటే ఆవిడ గిన్నె కడిగి, తుడిచి, చేతిలో పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. "చేతులు వణుకుతున్నాయి పెట్, పుడ్డింగు చెయ్యడం మానేశాను. ఇందులో పెట్టడానికేమీ లేదు."

"ఫరవాలేదండీ, అలాగే ఇచ్చేయండి" అన్నాను.

"ఖాళీగా ఇవ్వకూడదని నువ్వే చెప్పావు" అంది కోపంగా. సొరుగు లాగింది. ఏదో వెతికి తీసి గిన్నెలో వేసింది. ఠంగుమంది. కొత్త తాళంచెవి. చివర పాత దారమే కట్టి ఉంది.

"ఇక్కడ తలుపుకి వేలాడదియ్యనివ్వరు. నీ దగ్గరుండనీ" అంది.

కిందికొచ్చేసరికి అదే బస్సు నిలబడి ఉంది. ఎర్నీ నా చేతిలో గిన్నె చూసి, కొంగు కప్పి ఉండడం చూసి, అలవాటుగా చెయ్యి చాపాడు.

"ఇవాళ్టిది మీకు కాదు, ఎర్నీ. ఇది నాకే" అన్నాను.