అత్తగారి మోకాళ్ళ డబ్బు, ప్రింటర్ల షేరు

ఇంట్లో పెద్దకోడలికి అనుమానాల వదిన అని పేరు. చేసే ఉద్యోగమే అలాంటిది మరి: బీమా కంపెనీ తరఫున ఫ్యాక్టరీలు తిరిగి, ఎక్కడ నిప్పంటుకుంటుందో, ఏ గోడ కూలుతుందో ముందే పసిగట్టాలి.

అత్తగారు తన బట్టల కొట్టు అమ్మేసి, ఆ డబ్బును మోకాళ్ళ ఆపరేషన్ కోసం బ్యాంకులో వేసుకుంది. పళ్ళ డాక్టరైన మరిది కన్ను దాని మీద పడింది.

"ప్రింటర్ల కంపెనీ షేరు నేలకు దిగింది వదినా. ఇంకెక్కడికి పడుతుంది? అమ్మ డబ్బు పెడితే ఆపరేషన్‌లోపు రెట్టింపవుతుంది."

"నేల కింద గొయ్యి ఉంటేనో?"

"పెద్దకోడలు చూసి ఊ అంటేనే," అంది అత్తగారు.

వదిన కంపెనీ లెక్కలు ముందేసుకుని కూర్చుంది. అమ్మకాలు ఏటేటా తగ్గుతున్నాయి. అమ్ముడుపోని పాత మోడళ్ళ సరుకు గోదాముల్లో మూలుగుతోంది. పెద్ద అప్పు తీర్చాల్సిన గడువు దగ్గరపడింది. తెలిసిన డీలరును అడిగితే, కొత్త మోడల్ కోసం జనం ఎగబడుతున్నారు గానీ దాని తయారీకి విడిభాగాలే రావడం లేదన్నాడు.

"కంపెనీ బతికితే బతకొచ్చు," అని ఉన్నదున్నట్టు చెప్పింది. "కానీ డాక్టరు రమ్మన్న రోజున షేరు పడి ఉంటే, మోకాళ్ళను ఆగమంటామా? పోయినా పర్లేదనుకునే డబ్బు నీ దగ్గరుంటే నువ్వు పెట్టుకో."

మరిది మూతి ముడుచుకుని, తన డబ్బే పెట్టాడు.

ఆపరేషన్‌కు ముందు వారమే ఒక పెద్ద కంపెనీ ఆ ప్రింటర్ల కంపెనీని కొనేసింది. షేరు రెట్టింపు దాటింది. ఆ రోజు వదిన లెక్కలు మళ్ళీ తిరగేసింది. ఎక్కడా తప్పు దొరకలేదు. అయినా మనసు పీకుతూనే ఉంది.

ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి మంచం మీద అత్తగారు అడగనే అడిగింది. "నా డబ్బు కూడా పెట్టుంటే అమ్మాయ్?"

"రెట్టింపయ్యేది అత్తయ్యా."

"కంపెనీ మునిగుంటే?"

"మీరిప్పుడు ఈ మంచం మీద ఉండేవారు కాదు."

అత్తగారు దుప్పటి పక్కకు తోసింది. "సర్లే. కాస్త లేపి నిలబెట్టు."

అప్పుడే మరిది యాపిల్ పళ్ళ సంచితో లోపలికొచ్చాడు. గొప్పలు చెప్పుకుంటాడనుకుంటే, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ షేరు పెరిగేదాకా నాకు కంటి మీద కునుకు లేదు వదినా. ఇప్పుడు కెమెరాల కంపెనీ షేరు ఒకటి పడింది. ఈసారి మీరు లెక్కలు చూశాకే పెడతాను."

"ముందు ఆ చెయ్యి పట్టుకో," అంది వదిన.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని అత్తగారిని లేపారు.