సిసా పుట్టువెంట్రుకలు

పెరూ కొండల్లో మరంపాత పల్లెకు చేరే ఆఖరి ఎక్కుడు దగ్గర గైడు లెయోన్సియో ఎప్పుడూ కాస్త నెమ్మదిస్తాడు. వెనక వచ్చే యాత్రికులు అది తమ మీద జాలి అనుకుంటారు. అపూరిమాక్ నది దాకా దిగి, మళ్ళీ నిట్టనిలువునా ఎక్కి వచ్చినవాళ్ళకి ఎవరు ఆగినా దేవుడిలాగే కనిపిస్తాడు. అసలు సంగతి వేరు. పైనున్న నాలుగు గడపల్లో మొదటిది విల్ఫ్రెదాది. ఆమె నాలుగేళ్ళ కూతురు సిసాకి పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. తీయాల్సిన మనిషి లెయోన్సియో. తీయకుండా మొహం చాటేస్తున్న మనిషీ అతనే.

సిసా పుట్టింది ఈ దారిలోనే. నొప్పులు పడుతున్న విల్ఫ్రెదాను కంచరగాడిద మీద కచోరా ఊరికి దింపుతుంటే, వానకి కొండ జారి దారి మూసుకుపోయింది. యాత్రికులతో అక్కడే చిక్కుకున్న లెయోన్సియో తన గుడారం విప్పి వేశాడు. బిడ్డను తన కంబళిలోకి అందుకున్నాడు. మొదట పట్టుకున్న చేతులే మొదటి కుచ్చు కత్తిరించాలని విల్ఫ్రెదా అప్పుడే మాట అనేసింది. ఆ కొండల్లో అలా కత్తిరించినవాడు బిడ్డకు రెండో తండ్రి. అతని అదృష్టమే బిడ్డకు అంటుతుందని నమ్మకం. అతని చెయ్యి పడేదాకా ఆ తలకి ఇంకెవరి కత్తెరా తగలకూడదు. తగిలిందా, తగిలించినవాడే తండ్రి, వాడు దొంగైనా సరే.

లెయోన్సియోకి ఒకప్పుడు ఉర్పి అని కూతురుండేది. ఆ పిల్ల జుట్టు తీయడానికి ముహూర్తం పెట్టుకున్నారు, మొక్కజొన్న కల్లు చిచా కాచారు, రిబ్బన్లు కొన్నారు. ఇంతలో జ్వరం వచ్చింది. పులిసిన చిచా పులిసినట్టే ఉండగా, పిల్లను పుట్టువెంట్రుకలతోనే మట్టిలో పెట్టారు. తన హస్తవాసి మంచిది కాదని అతనికి అప్పటినుంచీ గట్టి నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. విల్ఫ్రెదా అడిగినప్పుడల్లా ఒకసారి వానలన్నాడు, ఒకసారి యాత్రికుల తొందరన్నాడు, ఇంకోసారి అత్తగారి మోకాలన్నాడు.

"వచ్చావా అన్నా," అంది విల్ఫ్రెదా, మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూనే. "చిచా సిద్ధంగా ఉంది. కత్తెర సాన పట్టించాను. ఈసారి మీ అత్తగారికి ఏ మోకాలు?"

"రేపు వీళ్ళకి చోకెకిరావ్ కోట చూపించాలి కదమ్మా."

"చూపించు. ఆ పాత గోడలు ఎక్కడికీ పోవు. వానలు వెలిశాక పిల్ల కచోరాలో బడికెళ్ళాలి. ఈ జడలతో పంపితే అక్కడి పిల్లలు బతకనిస్తారా?"

ఆమె మొగుడు నజారియో కంచరగాడిద జీను విప్పుతూ తల కూడా ఎత్తలేదు. "బతిమాలకే. కాళ్ళు పట్టుకుని తెచ్చుకునేది చుట్టరికం కాదు. ఇతనికి ఇష్టం లేదు. ఈ ఆదివారం కొట్టు సెర్వాందోని అడుగుతాను."

"ఆ పీనాసి అదృష్టమా నా కూతురికి?" అంది విల్ఫ్రెదా.

"కనీసం వస్తాడు."

లెయోన్సియోకి ఆ మాట ఎక్కడో కలుక్కుమంది. అంతలో సిసా వచ్చి అతని మోకాళ్ళకి చుట్టుకుంది. జడలు కట్టిన జుట్టు భుజాలు దాటి వేలాడుతోంది.

"మామా, నా నెత్తిలో ఏం దాచానో చెప్పుకో."

"పేలు."

"కాదు, కోడి ఈక." తీసి చూపించింది కూడా. అతను ఈకను చూశాడు, మెచ్చుకున్నాడు. తల మీద మాత్రం చెయ్యి పెట్టలేదు. ఎప్పుడూ పెట్టడు.

మర్నాడు పొద్దున్నే అందరూ శిథిలాలకి బయల్దేరారు. పిలవకుండానే సిసా వెంటపడింది. కోట మైదానంలో లెయోన్సియో యాత్రికులను నిలబెట్టి రాజుల సంగతీ, నీళ్ళ కాలువల సంగతీ చెప్పాడు. తర్వాత కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన పొలాల్లోకి దించాడు. అక్కడ గోడల్లో తెల్లరాళ్ళతో పేర్చిన లామాల బొమ్మలున్నాయి. యాత్రికులు వాటికి ఫొటోలు తీస్తుంటే సిసాకి వాటి మీద గౌరవమేమీ లేదు, రోజూ చూసే రాళ్ళే కదా. గోడ పక్క పొదలో నల్లగా మాగిన ముళ్ళపళ్ళు కనిపించాయి. తల దూర్చింది.

ఏడుపు వినబడేసరికి లెయోన్సియో రెండు మెట్ల పైన ఉన్నాడు. జుట్టంతా కొక్కెం ముళ్ళకి చిక్కుకుని పిల్ల గింజుకుంటోంది. యాత్రికుల్లో అందరికంటే దగ్గరగా ఉన్నది మార్గిట్. ఆమె పెద్దావిడ, దారి పొడుగునా అందరి కాళ్ళ బొబ్బలకీ కట్లు కట్టిన మంచి మనిషి. మందుల సంచిలోంచి చిన్న కత్తెర తీసి, ఓ కుచ్చు పట్టుకుంది.

గోడల మీంచి దూకొద్దని పొద్దున్నుంచీ అందరినీ కసిరినవాడు తానే రెండు గోడలూ దూకాడు. ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు.

"వద్దమ్మా. నువ్వు కత్తిరిస్తే ఈ పిల్ల నీదైపోతుంది."

మార్గిట్ బిత్తరపోయింది. అతను రొప్పుతూనే రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. ఆమె కత్తెర మూసింది. "నాకేం అభ్యంతరం లేదు," అంది. "మరి నీకు?"

అతను పొద దగ్గర చతికిలపడ్డాడు. పిల్లను ఒళ్ళోకి లాక్కుని ఒక్కో వెంట్రుకా ముల్లు నుంచి విడదీయడం మొదలుపెట్టాడు. ఉర్పి పోయాక పసిపిల్ల జుట్టు ముట్టుకోవడం అదే మొదలు. పొగ వాసన, గొర్రె ఉన్ని వాసన, అచ్చం అదే. యాత్రికులు కాసేపు నిలబడ్డారు. ఇది ఇప్పట్లో తేలేది కాదని కూర్చుని నారింజలు ఒలుచుకున్నారు. సూర్యుడు నెత్తి మీదికొచ్చి అవతలి కొండ వైపు వాలాడు. అతని వేళ్ళ నిండా నెత్తుటి గీతలు.

"మామా, నేనంటే నీకిష్టం లేదటగా. నాన్న అన్నాడు."

"మీ నాన్నకేం తెలుసు. కదలకు."

"మరెందుకు కత్తిరించవు?"

పెద్దవాళ్ళు అడిగితే ఏదో ఒక మోకాలు నొప్పి చెప్పేవాడే. ఒళ్ళో కూర్చుని అడిగేసరికి అబద్ధం రాలేదు. "నా చేతులు మంచివి కావమ్మా. నాకూ నీలాంటి పిల్ల ఉండేది. జ్వరం వచ్చి చచ్చిపోయింది."

సిసా అతని వేళ్ళ మీది గీతలు చూసింది. "ఆ పిల్ల జుట్టు నువ్వు కత్తిరించావా?"

"లేదు. కత్తిరించనేలేదు."

"మరి నీ చేతులేం చేశాయి?"

అతని చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా ఆ చేతులకి శిక్ష వేసుకుంటూ వచ్చాడు, ఈ ప్రశ్న మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు. ఏం చేశాయి? తడిగుడ్డ వేశాయి. నీళ్ళు పట్టాయి. అంతకుమించి ఏం గుర్తు రాలేదు.

జుట్టంతా వచ్చింది, చెవి పైన ఒక కుచ్చు తప్ప. అది కొమ్మకి మూడు మెలికలు తిరిగి బిగుసుకుపోయింది. మార్గిట్ తన కత్తెరను అతని పక్కన రాతి మీద పెట్టి, తనకేం పట్టనట్టు కొండల వైపు తిరిగింది. అతను కత్తెర వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. కత్తెర తీసి ఆమెకే ఇచ్చేశాడు.

"ఇలా కాదు. వాళ్ళ అమ్మ చూడాలి," అన్నాడు.

చాకుతో కొమ్మను మొదలంటా కోశాడు. ముళ్ళకొమ్మ చెవి పక్కన వేలాడుతుండగా పిల్లను భుజాల మీదికి ఎక్కించుకుని దారి పట్టాడు. వెనకాల యాత్రికులు పెళ్ళివారిలా బారులు తీరి నడిచారు.

వాకిట్లో విల్ఫ్రెదా వాళ్ళను చూసి లేచి నిలబడింది. ఒడిలోని గింజలన్నీ నేలపాలయ్యాయి, కోళ్ళు పరుగెత్తుకొచ్చాయి.

"కత్తెర తే చెల్లీ," అన్నాడు లెయోన్సియో. "త్వరగా తే. కొమ్మ బరువుకి పిల్ల మెడ వంగిపోతోంది."

"ఇన్నాళ్ళకి తీరిందా దొరగారికి?" అన్నాడు నజారియో. రిబ్బను తెస్తానని లోపలికి వెళ్ళి, రిబ్బను వెతకడానికి పట్టే దానికంటే చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

వాకిట్లో కంబళి పరిచి సిసాను కూర్చోబెట్టారు. ముందు భూమాతకు చిచా ఒలకబోశారు. మార్గిట్‌ని పిలిచి పళ్ళెం పట్టుకోమన్నారు, రెండో కుచ్చు ఆవిడదే అని విల్ఫ్రెదా తేల్చేసింది. చిక్కుకున్న కుచ్చుకి మొదలు దగ్గర ఎర్ర రిబ్బను కట్టారు. లెయోన్సియో కత్తెర అందుకున్నాడు. సిసా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

కత్తిరించాడు. జుట్టూ కొమ్మా కలిసి పళ్ళెంలో పడ్డాయి. అతను కత్తెర పట్టుకుని అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. ఉర్పి కోసం అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు అందరి ముందూ వచ్చేసింది, దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

సిసా వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది.

"మామా, నొప్పి పుట్టిందా?"

"కొంచెం."

"ఇంకోటి కత్తిరించు," అంది తల వంచి. "తగ్గిపోతుంది."